కొవిడ్‌లో మధ్యలో ఆగిన మానసిక వైద్యం

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. ఆ సాయంత్రమే తెలంగాణ ప్రభుత్వం లాక్‌డౌన్ ప్రకటించింది. వైన్ షాపులు, కల్లు కాంపౌండ్లు మూతపడ్డాయి. రెండు మూడు రోజులు తిరిగేసరికి హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి రోగుల తాకిడి పెరిగింది. చేతులు వణుకుతున్నవాళ్లు, రెండు రాత్రులుగా కంటిమీద కునుకు లేనివాళ్లు, ఎదురుగా లేని మనుషులతో మాట్లాడుతున్నవాళ్లు, ఫిట్స్ వచ్చి పడిపోయినవాళ్లు. ఆ వారం టీవీలన్నీ వైరస్ గురించే చెబుతున్నాయి. వీళ్లను ఆసుపత్రి దాకా తెచ్చింది మాత్రం వైరస్ కాదు, దాన్ని ఆపడానికి తీసుకున్న నిర్ణయం.

ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి మెదడు ఆ మత్తుకు సర్దుకుని ఉంటుంది. మద్యం నాడులను నెమ్మదింపజేస్తుంది కాబట్టి, దానికి విరుగుడుగా మెదడు తన వేగాన్ని పెంచుకుంటుంది. మద్యం ఒక్కసారిగా ఆగితే ఆ పెరిగిన వేగానికి అడ్డు ఉండదు. మొదటి రోజే వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. రెండో రోజుకల్లా ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత కొందరికి మతి తప్పి, మనుషులను గుర్తుపట్టలేని స్థితి వస్తుంది. వైద్యం అందకపోతే అది ప్రాణాంతకం. తెలంగాణలో దీనికి తోడు ఇంకో ముడి ఉంది. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారన్నది ఎక్సైజ్ దాడుల్లో ఏళ్లుగా బయటపడుతున్న సంగతే. ఆ కల్లు తాగేవాడికి తాను నిద్రమాత్రలకు బానిసయ్యానని కూడా తెలియదు. ఇంటివాళ్లకు అసలే తెలియదు. కల్లు ఆగిన మూడో రోజు మనిషి వింతగా ప్రవర్తిస్తుంటే గాలి సోకిందనుకున్నవాళ్లూ ఉంటారు.

కేరళలో ఇదే సమస్య ఇంకో దారి పట్టింది. డాక్టరు చీటీ ఉన్నవాళ్లకు మద్యం కొనుక్కునే పాసులు ఇస్తామని అక్కడి ప్రభుత్వం మార్చి నెలాఖరులో ఉత్తర్వు తెచ్చింది. మద్యాన్ని మందుగా రాయడం వైద్యం కాదని డాక్టర్ల సంఘాలు ఎదురుతిరిగాయి. ఏప్రిల్ 2న కేరళ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది. డాక్టర్ల మాటే సరైనది. మద్యం మానిన మనిషికి ఇవ్వాల్సింది కొద్ది రోజుల పాటు తగ్గించుకుంటూ పోయే లోరాజిపాం లాంటి మాత్రలు, థయామిన్ (బి1 విటమిన్), కనిపెట్టి చూసే ఒక నర్సు. ఇవేవీ ఖరీదైనవి కావు, కొత్తగా కనిపెట్టాల్సినవీ కావు. దుకాణాలు మూయమన్న ఉత్తర్వుతో పాటే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఈ మందులు పంపమన్న ఉత్తర్వు కూడా వెళ్లి ఉండాల్సింది. అలా వెళ్లకపోవడానికి కారణం, ఆ నిర్ణయాలు జరిగిన గదుల్లో మానసిక వైద్యం గురించి ఆలోచించేవాళ్లు లేకపోవడమే.

కొవిడ్ రోజుల్లో మానసిక ఆరోగ్యం గురించి మాటలకు కొదవ లేదు. ఒంటరితనం, భయం, ఇంట్లో బందీ అయిన విసుగు, నిద్ర పట్టని రాత్రులు. వీటి మీద వెబినార్లు జరిగాయి, టీవీ చర్చలు నడిచాయి, ప్రాణాయామం వీడియోలు వాట్సాప్‌లో తిరిగాయి. ఆ బాధ నిజమైనదే. 2020లో ప్రపంచవ్యాప్తంగా అదనంగా 5.3 కోట్ల మంది తీవ్ర కుంగుబాటుకు, 7.6 కోట్ల మంది ఆందోళన రుగ్మతకు గురయ్యారని ‘లాన్సెట్’ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. అయితే ఈ చర్చ అంతటిలో ఒక వర్గం కనపడకుండా పోయింది. కరోనాకు ముందే జబ్బు ఉండి, మందులు వాడుతూ, ఆ మందుల బలంతోనే ఇల్లూ పనీ నెట్టుకొస్తున్నవాళ్లు. స్కిజోఫ్రెనియా (లేని మాటలు వినిపించి, అనుమానాలు ముసిరే జబ్బు), బైపోలార్ (మితిమీరిన హుషారు, కుంగుబాటు మారి మారి వచ్చే జబ్బు), తీవ్ర కుంగుబాటు ఉన్నవాళ్లు. మహమ్మారి ఎక్కువ అన్యాయం చేసింది వీళ్లకే. ఎందుకంటే వీళ్లకు కావాల్సింది ఓదార్పు ఒక్కటే కాదు, నెలనెలా తప్పకుండా అందే మందు.

మామూలు రోజుల్లోనే ఆ మందు అందేవాళ్లు తక్కువ. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో దాదాపు 15 కోట్ల మందికి మానసిక వైద్యం అవసరం. ఆ 12 రాష్ట్రాల్లో తెలుగు రాష్ట్రాలు రెండూ లేవన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. తీవ్ర మానసిక జబ్బులున్న ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురు వైద్యానికి దూరంగానే ఉన్నారని ఆ సర్వే తేల్చింది. సైకియాట్రిస్టులు లక్ష మందికి ఒక్కరు కూడా లేరు, లెక్క 0.75 దగ్గర ఆగింది. అంటే మహమ్మారి వచ్చేనాటికి చికిత్సలో ఉన్న ఆ నాలుగో మనిషి ఎన్నో అడ్డంకులు దాటి వచ్చినవాడు.

ఆ నాలుగో మనిషి వైద్యం ఎలా నడుస్తుందో దగ్గరగా చూస్తే, అది ఎంత సులువుగా తెగిపోతుందో అర్థమవుతుంది. పల్లెలో ఉండే పాతికేళ్ల కుర్రాడికి స్కిజోఫ్రెనియా ఉందనుకుందాం. నెలకోసారి తల్లి ఆ రోజు కూలి మానుకుని, కొడుకును తీసుకుని మొదటి బస్సుకు జిల్లా ఆసుపత్రికి బయల్దేరుతుంది. ఓపీ చీటీ, వరసలో రెండు మూడు గంటలు, డాక్టరు దగ్గర ఐదు నిమిషాలు, మళ్లీ మందుల కిటికీ దగ్గర వరస. ముప్పై రోజుల మాత్రలు కవర్లో పెట్టిస్తారు. మాత్రలు సరిగా మింగనివాళ్లకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఇచ్చే ఇంజెక్షన్ ఉంటుంది. అంతే వ్యవస్థ. దీనికి బస్సు నడవాలి, ఓపీ తెరిచి ఉండాలి, మందు స్టాకు ఉండాలి, తల్లి దగ్గర దారిఖర్చులు ఉండాలి. 2020 ఏప్రిల్‌లో బస్సులు లేవు, చాలాచోట్ల ఓపీలు అత్యవసర కేసులకే పరిమితమయ్యాయి, కూలీ పోయింది. హైదరాబాద్‌లో గాంధీ ఆసుపత్రి లాంటి పెద్ద ప్రభుత్వాసుపత్రినే పూర్తిగా కొవిడ్‌కు కేటాయించారు.

మందు ఆగిన మర్నాడే ఏమీ కాదు. అదే ఇందులో మోసం. మొదట నిద్ర తగ్గుతుంది. తర్వాత మాట పెరుగుతుంది, లేదా పూర్తిగా మాట పడిపోతుంది. పక్కింటివాళ్లు తన గురించే చెవులు కొరుక్కుంటున్నారన్న అనుమానం మొదలవుతుంది. అన్నంలో ఏదో కలిపారని పళ్లెం తోసేస్తాడు. ఇది వారాల మీద జరిగే పని. ఏప్రిల్‌లో ఆగిన మందు ఫలితం మే, జూన్ నెలల్లో తెలుస్తుంది. అప్పటికి లాక్‌డౌన్ సడలింది, అందరి కళ్లూ రోజువారీ కొవిడ్ బులెటిన్ మీద ఉన్నాయి. జబ్బు తిరగబెట్టినవాళ్ల బులెటిన్ ఏ సాయంత్రమూ రాలేదు.

కొన్ని మందులతో చిక్కు ఇంకా ఎక్కువ. మిగతా మందులకు లొంగని స్కిజోఫ్రెనియాకు క్లోజపిన్ ఇస్తారు. అది కొందరిలో తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. అందుకే మొదలుపెట్టిన తొలి నెలల్లో వారం వారం, తర్వాత కొంత ఎడంతో రక్తపరీక్ష తప్పనిసరి. ల్యాబు మూతపడితే డాక్టరు ముందు రెండే దారులు: పరీక్ష లేకుండా మందు కొనసాగించడం, లేదా మందు ఆపి జబ్బు తిరగబెట్టే ముప్పు నెత్తికెత్తుకోవడం. నిలకడగా ఉన్న రోగులకు మూడు నెలలకోసారి పరీక్ష చాలని 2020లోనే అంతర్జాతీయ నిపుణులు ఒక మధ్యేమార్గం సూచించారు. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. బీడీ, సిగరెట్ పొగ క్లోజపిన్‌ను శరీరం నుంచి త్వరగా బయటికి పంపుతుంది. అందుకని పొగ తాగేవాళ్లకు మోతాదు ఎక్కువ పెడతారు. లాక్‌డౌన్‌లో కిళ్లీ కొట్లు మూతపడి బీడీ దొరక్కపోతే, అదే మోతాదు మింగుతున్నా రక్తంలో మందు పేరుకుపోతుంది. మత్తు, చొల్లు కారడం, ఫిట్స్ దాకా వెళ్లవచ్చు. పొగ మానడం ఒంటికి మంచిదే, కానీ అది డాక్టరుకు తెలియాలి.

బైపోలార్ జబ్బుకు వాడే లిథియం సంగతీ అంతే. మేలు చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య తేడా చాలా తక్కువ కాబట్టి రక్తంలో దాని స్థాయిని చూస్తూ ఉండాలి. జ్వరం, వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గితే లిథియం స్థాయి పెరుగుతుంది. ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో అడిగి కొనే ఇబుప్రొఫెన్ కూడా దాన్ని పెంచుతుంది. కొవిడ్ సోకిన లిథియం రోగికి ఈ రెండూ ఒకేసారి ఎదురవుతాయి. చేతులు మోటుగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం విషం ఎక్కుతున్న గుర్తులు. జ్వరానికి పారాసిటమాల్ వాడండి, నీళ్లు బాగా తాగండి, ఈ గుర్తులు కనిపిస్తే ఆసుపత్రికి రండి అని ముందే చెప్పి ఉంచితే సరిపోయే విషయం. కొవిడ్ జాగ్రత్తల కరపత్రాల్లో ఇలాంటి వాక్యాలకు చోటు దొరకలేదు.

ఇదంతా మన దేశపు కథ మాత్రమే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జూన్ నుంచి ఆగస్టు మధ్య 130 దేశాల్లో సర్వే చేస్తే, 93 శాతం దేశాల్లో మానసిక వైద్య సేవలు ఏదో ఒక మేరకు దెబ్బతిన్నాయని తేలింది. 30 శాతం దేశాలు మందుల సరఫరాలోనే ఆటంకం వచ్చిందని చెప్పాయి. తమ కొవిడ్ ప్రణాళికలో మానసిక ఆరోగ్యం ఉందని చెప్పిన దేశాలు 89 శాతం. దానికి కావాల్సిన అదనపు డబ్బు పూర్తిగా ఇచ్చామన్నవి 17 శాతమే. ఇలాంటి తేడా కనిపించినప్పుడు ప్రణాళికను వదిలేసి బడ్జెట్‌నే నమ్మాలి.

మన దగ్గర వచ్చిన పెద్ద మార్పు ఫోన్ వైద్యం. దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25నే టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదలయ్యాయి. ఫోన్లో, వీడియోలో చూసి మందు రాయడానికి దేశంలో తొలిసారి స్పష్టమైన ఆధారం ఏర్పడింది. మానసిక వైద్యానికి ఇది బాగా నప్పే పద్ధతి. ఎందుకంటే ఇక్కడ వైద్యంలో ఎక్కువ భాగం మాటే. ఊరు దాటకుండా డాక్టరుతో మాట్లాడగలగడం చాలామందికి నిజమైన మేలు. కానీ ఆ మార్గదర్శకాల్లోనే ఒక నిషేధిత జాబితా ఉంది. మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి వచ్చే మందులను ఫోన్ మీద రాయకూడదు. డయాజిపాం, లోరాజిపాం, అల్ప్రాజోలం అన్నీ ఆ చట్టం పరిధిలోవే. క్లోనాజిపాం లాంటి ఒకటి రెండింటికి తర్వాత సడలింపు వచ్చింది. దుర్వినియోగం జరుగుతుందన్న భయం సహేతుకమే. అయినా ఫలితం చూడండి: మద్యమో కల్లో ఆగి ఇంట్లో వణుకుతున్న మనిషికి అవసరమైన మందే ఫోన్ మీద రాయడానికి కుదరని మందు అయింది.

రెండో అడ్డంకి ఇల్లే. ఒక గది, ఒక వంటిల్లు, ఆరుగురు మనుషులు, ఒక స్మార్ట్‌ఫోన్. ఆ ఫోన్లో పొద్దున పిల్లల ఆన్‌లైన్ క్లాసు. సాయంత్రం డాక్టరు వీడియో కాల్ చేస్తే, అత్తగారు, మరిది, పిల్లలు వింటుండగా ఒక కోడలు తన మనసులో మాట ఎలా చెబుతుంది? భర్త కొడుతున్నాడనో, చచ్చిపోవాలనిపిస్తోందనో పక్కన భర్తే ఉండగా ఎలా చెబుతుంది? ‘‘బాగానే ఉన్నానండీ’’ అంటుంది. డాక్టరు ‘నిలకడగా ఉంది’ అని రాసుకుంటాడు. ఓపీలో అయితే ‘‘మీరు కాసేపు బయట కూర్చోండి’’ అని భర్తను పంపించే వీలుండేది. ఫోన్ వైద్యం గురించి రాసే నివేదికలు కాల్స్ సంఖ్య చెబుతాయి, ఆ కాల్స్‌లో చెప్పలేకపోయిన మాటల గురించి చెప్పవు.

ఆసుపత్రుల లోపల వేరే ముప్పు. దక్షిణ కొరియాలో తొలి కొవిడ్ మరణం చియోంగ్డోలోని దేనం ఆసుపత్రి మానసిక వార్డులో జరిగింది. అక్కడ ఏళ్ల తరబడి లోపలే ఉన్న వంద మందికి పైగా రోగుల్లో దాదాపు అందరికీ వైరస్ సోకింది. మూసి ఉన్న కిటికీలు, పక్కపక్కనే పడకలు, కలిసి భోజనాలు. వైరస్‌కు ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. మన మానసిక ఆసుపత్రుల్లోనూ జబ్బు నయమైనా ఇంటివాళ్లు రాక ఉండిపోయినవాళ్లు ఉన్నారు. లాక్‌డౌన్‌లో వాళ్ల కోసం వచ్చే కొద్దిమంది కూడా రాలేదు. 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కలుగజేసుకుని మానసిక ఆరోగ్య కేంద్రాల్లో ఉన్నవాళ్లందరికీ పరీక్షలు, టీకాలు అందేలా చూడమని ఆదేశించాల్సి వచ్చింది.

టీకా విషయం విడిగా చెప్పుకోవాలి. న్యూయార్క్‌లో ఏడు వేల మందికి పైగా కొవిడ్ రోగులను పరిశీలించి 2021 జనవరిలో వెలువరించిన అధ్యయనంలో, స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్లకు మరణించే ముప్పు 2.7 రెట్లు ఉన్నట్టు తేలింది. వయసు తర్వాత అంత పెద్ద ముప్పు అదే. బ్రిటన్ తీవ్ర మానసిక జబ్బులను టీకా ప్రాధాన్య జాబితాలో ఆరో వర్గంలో చేర్చింది. మన దేశంలో 2021 మార్చి 1న 60 ఏళ్లు దాటినవాళ్లందరికీ, 45 ఏళ్లు దాటి కొన్ని జబ్బులున్నవాళ్లకూ టీకా మొదలైనప్పుడు, ఆ జబ్బుల జాబితాలో గుండె, కిడ్నీ, క్యాన్సర్ ఉన్నాయి, స్కిజోఫ్రెనియా లేదు. దానికి తోడు గుర్తింపు కార్డు, మొబైల్ నంబరు, ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్. వీధుల్లో తిరిగే మానసిక రోగికి ఈ మూడూ ఎక్కడి నుంచి వస్తాయి? కార్డులు లేనివాళ్లకు, మానసిక ఆసుపత్రుల్లో ఉన్నవాళ్లకు ప్రత్యేక ఏర్పాటు చేయమని కేంద్రం తర్వాత మార్గదర్శకాలిచ్చింది. అప్పటికి రెండో అల మీద పడింది.

ఆ రెండో అల, 2021 ఏప్రిల్, మే నెలలు, వదిలివెళ్లిన దుఃఖం మామూలుది కాదు. చావు ఇంట్లో తెలుగువాళ్లు చేసే పనులన్నీ ఉన్నవాళ్లను నిలబెట్టడానికే ఉన్నాయి. కడచూపు, నలుగురి భుజాలు, చిన్నకర్మ, పెద్దకర్మ, పరామర్శకు వచ్చి పక్కన కూర్చునే బంధువులు. కొవిడ్ చావుకు ఇవేవీ దక్కలేదు. ప్లాస్టిక్ సంచిలో కట్టిన దేహం, దూరం నుంచి ఒక చూపు, కొన్నిచోట్ల అదీ లేదు. ఆసుపత్రి గేటు దగ్గర వదిలిన మనిషి మళ్లీ కనపడలేదు. ఆక్సిజన్ పడక ఒక గంట ముందు దొరికి ఉంటే బతికేవాడేమో అన్న ఆలోచన, వైరస్ నేనే ఇంటికి తెచ్చానేమో అన్న నేరభావం, వీటితో మిగిలినవాళ్లు ఉన్నారు. ఇలాంటి దుఃఖం కొందరిలో ఏడాది దాటినా తగ్గదు, దానికి ప్రత్యేకమైన కౌన్సెలింగ్ అవసరం. పరిహారం దరఖాస్తు తీసుకోవడానికి జిల్లా యంత్రాంగాలు మరణించినవారి కుటుంబాల వివరాలు సేకరించాయి. అవే వివరాలతో ఒక కౌన్సెలర్ ఆ గుమ్మం తొక్కి ఉండవచ్చు. అది ఎవరికీ తోచలేదు.

డబ్బు కష్టాన్ని మానసిక కష్టం నుంచి విడదీసి చూడడం ఇంకో పొరపాటు. 2020 మార్చి 31న సుప్రీంకోర్టు వలస కూలీల కేసులో, సహాయ శిబిరాలకు కౌన్సెలర్లను పంపి వాళ్ల భయాన్ని తగ్గించమంది. మంచి ఆదేశమే. కానీ ఆ కూలీల గుండెదడకు మందు మే 1న తెలంగాణలోని లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో బయల్దేరిన తొలి శ్రామిక్ రైలు. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల్లో దేశంలో ఆత్మహత్యలు 2019లో 1,39,123 ఉంటే, 2020లో 1,53,052కు, 2021లో 1,64,033కు చేరాయి. చనిపోయినవాళ్లలో దినకూలీలు 2019లో 32,563 మంది, 2021లో 42,004 మంది. ఒక్కో చావుకూ కారణాలు అనేకం ఉంటాయి, ఈ పెరుగుదలంతా కొవిడ్ వల్లేనని తేల్చడం కుదరదు. అయినా పని పోయిన ఏడాదిలో రోజుకూలీ చేసుకునేవాళ్ల అంకె ఇంత పెరగడాన్ని యాదృచ్ఛికం అనడం కూడా కుదరదు. అదే 2020 డిసెంబరులో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులకు కొందరు ప్రాణాలు తీసుకున్నారు. అప్పు తీర్చలేదని ఫోన్లోని నంబర్లన్నిటికీ బూతు సందేశాలు పంపుతుంటే, ఆ మనిషికి ముందు కావాల్సింది పోలీసు కేసు, అప్పు నుంచి ఊరట. కౌన్సెలింగ్ వాటి తర్వాతే.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. లాక్‌డౌన్ మొదలైన వారంలోపే నిమ్హాన్స్ హెల్ప్‌లైన్ తెరిచింది. 2020 సెప్టెంబరులో సామాజిక న్యాయ శాఖ 13 భాషల్లో ‘కిరణ్’ హెల్ప్‌లైన్ ప్రారంభించింది. 2022 అక్టోబరు 10న ‘టెలీ మానస్’ వచ్చింది. 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. బతకాలనిపించని ఆలోచనలు వస్తున్నవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు ఈ నంబరు దగ్గర పెట్టుకోవాలి. కొవిడ్‌కు ముందు ఇలాంటిది లేదు, ఇప్పుడుంది. ఇది మహమ్మారి మిగిల్చిన మేలు. అయితే ఫోన్ ఎత్తిన కౌన్సెలర్ ‘మీరు డాక్టరును కలవాలి’ అన్నప్పుడు ఆ డాక్టరు, ఆ మందు జిల్లాలో ఉండాలి కదా. అందుకోసమున్న జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో దేశంలో నాలుగు జిల్లాలతో మొదలైంది, వాటిలో మన మెదక్ ఒకటి. ఒక సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, సోషల్ వర్కర్, నర్సు కలిసి తాలూకా స్థాయి దాకా వెళ్లాలన్నది దాని రూపం. 2021–22 కేంద్ర బడ్జెట్లో మానసిక ఆరోగ్యానికి ఇచ్చిన 597 కోట్లలో ఇలాంటి పనులు నడిపే జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వాటా 40 కోట్లు. మిగతాదంతా బెంగళూరు నిమ్హాన్స్‌కు, అస్సాంలోని తేజ్‌పూర్ మానసిక ఆరోగ్య సంస్థకు. ఆ సంస్థలకు డబ్బు అక్కర్లేదని కాదు. మహమ్మారి మధ్యలో, అవసరం జిల్లాల్లో పెరుగుతున్న ఏడాది కూడా, ఆ 40 కోట్లు అంతకుముందు ఏడాది ఉన్న 40 దగ్గరే ఉండిపోయాయి.

చట్టం మాత్రం చాలా ముందుంది. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017, సెక్షన్ 18లో ఒక మాట స్పష్టంగా చెబుతుంది: అత్యావశ్యక మందుల జాబితాలోని మానసిక జబ్బుల మందులు కమ్యూనిటీ హెల్త్ సెంటర్ మొదలు పై స్థాయి ప్రభుత్వాసుపత్రులన్నిటిలోనూ అన్ని వేళలా ఉచితంగా దొరకాలి. ‘అన్ని వేళలా’ అన్నదానికి లాక్‌డౌన్ మినహాయింపు లేదు. జిల్లాలో చట్టం చెప్పిన కనీస సేవలు లేకపోతే ఆ జిల్లాలోనే వేరే ఆసుపత్రిలో చేయించుకున్న వైద్యం ఖర్చు ప్రభుత్వమే భరించాలని కూడా అదే సెక్షన్ అంటోంది. మందు దొరకని కుటుంబం సెక్షన్ 28 కింద ముందు ఆసుపత్రి బాధ్యుడైన వైద్యాధికారికి, అక్కడ న్యాయం జరగకపోతే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు, ఆపైన రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఇది తెల్ల కాగితం మీద రాసి, మందు లేదన్న తేదీ వేసి ఇచ్చినా చెల్లుతుంది.